వేసవంతా ట్రైలర్‌లో: అన్నీ నచ్చాయి, ఫ్రిజ్ తప్ప

మా ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) ఎలా ఉందని ఎవరడిగినా నేను ముందు ఫ్రిజ్ సంగతే ఎత్తుతున్నాను. పడకలు, ఏసీ, బాత్‌రూం, నీళ్ల టాంకులు కొనేముందు అందరూ చూసుకుంటారు. వాటితో మాకు పేచీ లేదు. ఫ్రిజ్ దగ్గరికి వచ్చేసరికి తలుపు తీసి, లైటు వెలుగుతోందా, గ్యాలన్ పాల డబ్బా పడుతుందా అని చూసి మూసేస్తారు. రోజూ పెరుగు తోడుపెట్టుకునే ఇంట్లో, అందులోనూ చల్లగా దాచాల్సిన మందులు వాడే పెద్దవాళ్లున్న ఇంట్లో, ట్రైలర్ మొత్తంలో ముఖ్యమైన వస్తువు అదే. ఈ మాట కొనేముందు మాకు చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మేం డాలస్ దగ్గర ఉంటాం. కిందటేడు కొన్న ట్రావెల్ ట్రైలర్, లాగడానికి పికప్. ఈ వేసవికి తెనాలి నుంచి అత్తయ్య, మామయ్య వచ్చారు. వాళ్లని హోటళ్ల చుట్టూ తిప్పితే తిండితోనే ఇబ్బంది. ట్రైలర్ అయితే మన వంట, మన పక్క, మన బాత్‌రూం ఉంటాయి. ఆ లెక్కతోనే పిల్లలకి స్కూలు మూసిన దగ్గర్నుంచి తెరిచేదాకా వీలైనన్ని చోట్లకి వెళ్లాం. ఆ లెక్క తప్పలేదు. మామయ్య ఎక్కడా ఒక్క పూట కూడా పస్తు ఉండలేదు.

ఇక ఫ్రిజ్. మాది గ్యాస్ మీదా కరెంటు మీదా నడిచే రకం. ఇందులో కంప్రెసర్ ఉండదు. 1922లో స్వీడన్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థులు కనిపెట్టిన పద్ధతి ఇది. అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజన్‌ని గొట్టాల్లో పెట్టి మూసేస్తారు. వెనక అడుగున చిన్న గ్యాస్ మంటో కరెంటు హీటరో అమ్మోనియా కలిసిన ఆ నీళ్లని మరిగిస్తుంది. ఆవిరైన అమ్మోనియా పైకి వెళ్లి, చల్లారి ద్రవమై, లోపలి వేడిని పీల్చుకుంటూ కిందికి దిగుతుంది. తోసే మోటారు లేదు కాబట్టి ద్రవం దానంతట అది జారాలి. అందుకే ట్రైలర్ ఒక పక్కకి ఒరిగి ఉంటే ఇది సరిగా పనిచేయదు. ఎక్కువసేపు అలాగే నడిపితే గొట్టాలు శాశ్వతంగా పాడవుతాయి. సైట్‌కి, అంటే క్యాంపులో ట్రైలర్ నిలిపే చోటుకి, వెళ్లగానే మావారు చక్రాల కింద బ్లాకులు పెట్టి లెవెల్ చూస్తారు. అది అయ్యేదాకా ఫ్రిజ్ ఆన్ చేయనివ్వరు.

ఏప్రిల్‌లో టెక్సోమా చెరువు ఒడ్డున ఐసెన్‌హోవర్ స్టేట్ పార్కుకి మొదటిసారి తీసుకెళ్లినప్పుడు ఈ ఫ్రిజ్‌ని నేను తెగ మెచ్చుకున్నాను. రాత్రి చప్పుడే లేదు. ఇంట్లో ఫ్రిజ్ గుర్రుమంటూ ఉంటుందే, ఆ బాధ లేదు. తెల్లారేసరికి పెరుగు గడ్డలా ఉంది. పైగా గ్యాస్ ఖర్చు దాదాపు లేనట్టే, 20 పౌన్ల సిలిండర్ ఒక్క ఫ్రిజ్‌కే అయితే పది రోజులు వస్తుంది. ఫోన్‌లో మా చెల్లికి కూడా ఇదే కొనుక్కోమని చెప్పాను. అప్పుడు ఎండ లేదు, సైట్ చదును, కరెంటు ఉంది. ఈ మూడూ ఉన్నంతవరకూ ఆ మెప్పు ఇప్పటికీ చెల్లుతుంది.

జూన్‌లో గ్లెన్ రోజ్ దగ్గర డైనొసార్ వ్యాలీకి వెళ్లాం. పలక్సీ నదిలో నీళ్లు తగ్గితే డైనొసార్ల అడుగుజాడలు బయటపడతాయి. చిన్నోడు ఆ గుంతల్లో కాళ్లు పెట్టి కొలుచుకుంటూ రెండు పూటలూ అక్కడే గడిపాడు. ఫ్రిజ్ అక్కడా పర్వాలేదనిపించింది, కాకపోతే మధ్యాహ్నం మజ్జిగ కాస్త వెచ్చగా తగిలింది.

అసలు రంగు పాలో డ్యూరో క్యాన్యన్‌లో బయటపడింది. అమరిల్లో పక్కన ఉంటుంది. లోయలోకి దిగే రోడ్డు 10 శాతం వాలు, ట్రైలర్‌తో దిగుతుంటే అత్తయ్య కళ్లు మూసుకుని హనుమాన్ చాలీసా చదువుకున్నారు. అడుగున ఎర్రటి గోడల మధ్య వేడి తిరుగుతూనే ఉంటుంది, వేసవిలో 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలే. మాకు దొరికిన సైట్‌లో ఫ్రిజ్ ఉన్న గోడ సరిగ్గా పడమటికి ఉంది. లోపల ఏసీ చక్కగా నడుస్తోంది, కరెంటుకి లోటు లేదు. అయినా మధ్యాహ్నం మూడింటికి ఫ్రిజ్ థర్మామీటర్ 47 చూపించింది, అదీ ఫారెన్‌హీట్‌లోనే. తిండి పాడవకుండా ఉండాలంటే 40 లోపు ఉండాలి. ఈ ఫ్రిజ్ లోపలి వేడిని వెనక జాలీలోంచి బయటికి వదలాలి. ఆ జాలీ బయట గాలే కాలిపోతుంటే ఎక్కడికి వదులుతుంది? మావారు ఆ గోడకి కాస్త ఎడంగా తెల్ల టార్పాలిన్ కట్టి నీడ చేశారు, జాలీ మూసుకుపోకుండా. సాయంత్రానికి 42కి దిగింది. ఫర్వాలేదులే, సర్దుకుంది అనుకున్నాం.

అక్కడినుంచి గ్రాండ్ క్యాన్యన్ సౌత్ రిమ్, అంటే ఆ లోయ దక్షిణపు అంచు.

ముందు ఒక మంచి విషయం. మా పెద్దది ఈ ఏడే నాలుగో క్లాసు పూర్తి చేసింది. నాలుగో క్లాసు పిల్లలకి అమెరికాలో నేషనల్ పార్కుల పాస్ ఉచితం. ఆ చదువు సంవత్సరం తర్వాత వచ్చే ఆగస్టు 31 దాకా చెల్లుతుంది, బండిలో ఉన్న ఇంటిల్లిపాదికీ వర్తిస్తుంది. మేం కాగితం మీద ప్రింట్ తీసుకెళ్లాం. గేటు దగ్గర 35 డాలర్లు మిగిలాయి. దాని పేరు మీద అందరం లోపలికి వెళుతున్నామని దానికి ఎంత గర్వమో. ఆ వయసు పిల్లలున్నవాళ్లు ఈ అవకాశం వదులుకోకండి.

మేం దిగింది మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో. నేషనల్ పార్క్ సర్వీస్ మొట్టమొదటి డైరెక్టర్ స్టీఫెన్ మాథర్ పేరు పెట్టారు. చెట్ల మధ్య ఎడం ఎడంగా సైట్లు, నడిచి వెళితే లోయ అంచు. ఆరు నెలల ముందు బుక్ చేస్తే దొరికింది. అక్కడ కరెంటు కనెక్షన్ ఉండదు, నీళ్ల కనెక్షన్ ఉండదు. ఆ సంగతి తెలిసే వెళ్లాం. వంట గ్యాస్ మీద, ఫ్రిజ్ గ్యాస్ మీద, లైట్లు బ్యాటరీ మీద, ఇంకేం కావాలి అని.

సౌత్ రిమ్ సుమారు 7,000 అడుగుల ఎత్తులో ఉంది, తిరుమల కొండకి రెండింతల పైమాటే. రాత్రి చలికి దుప్పట్లు తీశాం. పొద్దున్నే కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టిన అత్తయ్య పిలిచారు. "అమ్మాయ్, పాలు విరిగాయి చూడు." పరుగున వెళ్లి ఫ్రిజ్ తలుపు తీశాను. దోసెల పిండి పొంగి, డబ్బా మూతని పక్కకి తోసేసి, అరల మీదుగా కారి, కింద కొత్తిమీర కట్ట మీద పడి ఉంది. పైన ఎర్ర లైటు వెలుగుతోంది. థర్మామీటర్ 55.

నాకు పాల మీద బాధ లేదు. తలుపు అరలో మామయ్య ఇన్సులిన్ పెన్నులున్నాయి, ఊరి నుంచి తెచ్చుకున్నవి. వాడుతున్న పెన్ను కొన్ని వారాలు బయట ఉన్నా ఫర్వాలేదు, మరీ వేడి తగలకూడదంతే. ఇంకా తెరవనివి మాత్రం 36 నుంచి 46 ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి, అంటే మన లెక్కలో 2 నుంచి 8 డిగ్రీలు. మామయ్య ఏమీ అనలేదు. పెన్నుల పెట్టె చేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, "ఇది పోతే ఇక్కడ దొరుకుతుందా నాన్నా?" అని మావారిని అడిగారు. ఆ ప్రశ్నకి నా కడుపులో దేవినట్టయింది.

మావారు బయట జాలీ ఊడదీసి టార్చ్ వేశారు. స్విచ్ ఆపి మళ్లీ వేస్తే టిక్ టిక్‌మని వెలుగుతుంది. మంట నీలంగా నిటారుగా నిలవాల్సింది, పసుపుగా ఊగుతోంది. కాసేపటికి ఆరిపోతుంది. మళ్లీ తనే వెలిగించుకోవడానికి ప్రయత్నించి, కుదరక ఎర్ర లైటు వేసి ఊరుకుంటుంది. ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, ఆ చిన్న మంటకి కావాల్సిన ఆక్సిజన్ అందదు. మాన్యువల్‌లో వెతికితే ఒక మూల ఒక వాక్యం ఉంది: 5,500 అడుగుల పైన గ్యాస్ మీద ఇబ్బంది రావచ్చు, కరెంటు మీద నడుపుకోండి అని. కరెంటు లేనిచోట నడుస్తుందనే కదా గ్యాస్ ఫ్రిజ్ కొనేది! అమెరికాలో జనం వేసవిలో చల్లగా ఉంటుందని ఎగబడి వెళ్లేది కొండల మీదికే. ఆ మాట డబ్బులు కట్టించుకునేటప్పుడు నోటితో చెప్పాలి. నా కోపమంతా అక్కడే.

మా దగ్గర చిన్న జనరేటర్ ఉంది. క్యాంప్‌గ్రౌండ్‌లో దాన్ని పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు మాత్రమే వేయనిస్తారు. అది న్యాయమే, పక్కవాళ్లకి చప్పుడు కదా. కానీ ఈ రకం ఫ్రిజ్ ఒకసారి వెచ్చబడితే మళ్లీ చల్లబడటానికి సగం రోజు పైనే పడుతుంది. ఆ కాసేపటి కరెంటు దానికి ఏ మూలకీ చాలదు.

మార్కెట్ ప్లాజా దగ్గర పెద్ద కొట్టుంది, ఐస్ దొరుకుతుంది. అక్కడ ఉన్నన్నాళ్లూ పొద్దునా సాయంత్రం ఐస్ మోయడమే పనైపోయింది. ఇన్సులిన్ ఐస్‌కి తగిలి గడ్డకడితే పనికిరాదు కాబట్టి పెన్నుల్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, తువ్వాలు రెండు మడతలు చుట్టి, పక్కనే థర్మామీటర్ ఉంచి కూలర్‌లో, అంటే ఐస్ పెట్టెలో, పైన పెట్టాను. రాత్రి లేచి చూసుకునేదాన్ని. కూలర్ బయట వదలకూడదు, కాకులూ ఉడతలూ ఊరుకోవు, ఎల్క్ జింకలు సైట్ల మధ్యకి వచ్చేస్తాయి. అందుకని అది మంచాల మధ్య దారికి అడ్డంగా ఉండేది. పెన్నులు దక్కాయి. ఇంటికొచ్చాక మామయ్య షుగర్ లెక్కలు కూడా మామూలుగానే ఉన్నాయి.

అత్తయ్య మాత్రం ఏదీ పారేయనివ్వలేదు. పొంగిన పిండిలో ఉల్లిపాయలు తరిగి ఊతప్పాలు వేశారు. పుల్లబడిన పెరుగు చిలికి, శనగపిండి కలిపి, పచ్చిమిర్చి చీరి మజ్జిగ పులుసు పెట్టారు. ఆ చలిలో వేడి వేడి అన్నంలోకి అది ఎంత బాగుందో చెప్పలేను. పిల్లలు ఇంటికొచ్చాక కూడా అదే అడుగుతున్నారు.

మాథర్ పక్కనే ట్రైలర్ విలేజ్ అని కరెంటు, నీళ్లు, డ్రైనేజీ అన్నీ ఉండే క్యాంప్ ఉంది. వేసవిలో ఖాళీ ఉండదు. మావారు రోజూ పొద్దున్నే వెళ్లి అడిగేవారు, చివరికి ఎవరో రద్దు చేసుకుంటే ఒక రాత్రికి దొరికింది. సైట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, మాథర్‌లో ఉన్న అందం లేదు. అయినా కరెంటు తగిలించిన మర్నాటికి ఫ్రిజ్ 38కి వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఫ్లాగ్‌స్టాఫ్ దాటి విన్‌స్లో దాకా దిగాక ఆగి గ్యాస్ మీద పెడితే మంట నీలంగా నిలబడింది. అంటే వస్తువు పాడవలేదు, దాని తీరే అంత.

డాలస్ వచ్చాక అమ్మినవాళ్ల సర్వీస్‌కి ఇచ్చాం. వారాల తరబడి ఉంచుకుని, పరీక్షలో లోపమేదీ కనపడలేదని కాగితం రాసిచ్చారు. డాలస్ ఎత్తు ఐదు వందల అడుగులు కూడా ఉండదు, ఇక్కడ లోపం ఎలా కనపడుతుంది? తర్వాత ఇంటికొచ్చి రిపేరు చేసే ఒకాయన్ని పిలిస్తే బర్నర్ విప్పి సాలెగూడు తీశాడు, పైన గొట్టంలో మసి దులిపాడు. గ్యాస్ వాసనకి సాలెపురుగులు అందులో చేరతాయట, ఏటా శుభ్రం చేయించాలన్నాడు. వెనక జాలీలో చిన్న ఫ్యాన్, లోపల ఇంకో ఫ్యాన్ పెట్టించాం. ఆగస్టు ఎండల్లో మళ్లీ డైనొసార్ వ్యాలీకి వెళితే 40 దాటలేదు. కొండల మీద ఎలా ఉంటుందో మాత్రం మళ్లీ వెళితే గానీ చెప్పలేను.

ఇప్పుడు వస్తున్న ట్రైలర్లలో చాలావాటికి బ్యాటరీ మీద నడిచే 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ పెడుతున్నారు. దానికి ఎత్తుతో పని లేదు, త్వరగా చల్లబడుతుంది. మాథర్‌లో మా పక్క సైట్ వాళ్లది అదే. వాళ్ల పాలు విరగలేదు కానీ, చెట్ల నీడలో పైనున్న సోలార్ పలకలకి ఎండ చాలక బ్యాటరీ తగ్గిపోతోందని వాళ్లూ అనుమతి ఉన్న టైమంతా జనరేటర్ వేసుకునేవారు. కాబట్టి అది కొంటే మంచి బ్యాటరీలకి కూడా డబ్బు పెట్టాలి.

ఇదే ట్రైలర్ మళ్లీ కొంటారా అంటే, టెక్సస్ స్టేట్ పార్కుల్లో కరెంటు ఉన్న సైట్లలో శని ఆదివారాలు గడిపేవాళ్లయితే నిశ్చింతగా కొనుక్కోవచ్చు. పైన చెప్పిన ఫ్యాన్లు మాత్రం ముందే పెట్టించుకోండి, ఫ్రిజ్ గోడకి సాయంత్రం ఎండ పడని సైట్ చూసుకోండి. కొలరాడో, న్యూ మెక్సికో కొండలు మీ మనసులో ఉంటే, ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లుంటే, కంప్రెసర్ రకమే చూడమంటాను. మాకు ఇప్పుడే మార్చే స్తోమత లేదు. వచ్చే వేసవికి అత్తయ్యావాళ్లు మళ్లీ వస్తే కరెంటున్న సైట్లే బుక్ చేస్తాం. మేం నలుగురమే అయితే ఒక కూలర్ పట్టుకుని మళ్లీ మాథర్‌కే వెళదామని మావారంటున్నారు, నాకూ వెళ్లాలనే ఉంది.