బుడగల ఎయిర్ బెడ్: ఏ పుండుకు సరిపోతుంది, ఎక్కడ చాలదు

పక్షవాతంతోనో తుంటి విరిగో మంచం పట్టినవాళ్లకోసం శ్రీకాకుళం, విజయనగరం మెడికల్ షాపుల్లో అడిగితే ముందు చూపించేది బుడగల ఎయిర్ బెడ్. చిన్న మోటారు, రెండు పైపులు, పీవీసీ పరుపు. ఒక వరస ఉబ్బితే పక్క వరస దిగుతుంది, కొన్ని నిమిషాలకోసారి మారుతుంటుంది. ఒకేచోట ఒత్తిడి పడి రక్తం ఆగి, పడకపుండు (బెడ్ సోర్) పడకుండా చూడటం దీని పని. ఆ పని బాగానే చేస్తుంది. అయితే కొనేముందు పుండు ఎంతవరకు వెళ్లిందో చూసుకోవాలి.

నడుం దిగువ, తుంట్లు, మడమలు చూడండి. ఎర్రబడ్డచోట వేలితో మూడు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడకపోతే మొదటి దశ. నల్లటి ఒంటిమీద ఎరుపు తెలియదు, అందుకే చుట్టుపక్కల కంటే వేడిగానో, గట్టిగానో ఉందేమో చేత్తో తడిమి చూడాలి. పైతోలు లేచినా, నీటిపొక్కు వచ్చినా రెండో దశ. కొవ్వు కనబడితే మూడు. కండ, ఎముక బయటపడితే నాలుగు. పెచ్చు కప్పేసి అడుగు కనబడకపోతే దశ చెప్పలేం, పైకి చిన్నదిగా ఉందని ఊరుకోవద్దు. తోలు చిట్లకుండానే వంకాయ రంగులో కమిలితే లోపలి కండ దెబ్బతిన్నట్టు అనుమానించాలి, అది రోజుల్లోనే లోతు పుండవుతుంది. ఎర్రబడ్డచోట నూనె రాసి మర్దనా చేయడం మాత్రం మానెయ్యండి, దెబ్బతిన్న చర్మం ఇంకా నలుగుతుంది.

మొదటి రెండు దశలకు ఈ బెడ్ పెట్టిన డబ్బుకు తగినదే. మూడు, నాలుగు దశలకు, పెచ్చు కప్పిన పుండుకు, వంకాయ రంగులో కమిలినచోటుకు దీన్నే నమ్ముకోకూడదు, వెంటనే డాక్టరు చూడాలి.

ఇళ్లల్లో ఇది ఫెయిలయ్యేది ఎక్కువగా వేసే తీరువల్లే. నవారు మంచం మధ్యలో కుంగిపోతుంది, దానిమీద వేస్తే బుడగలు నేలబారుగా అణిగిపోతాయి. చెక్కమంచం మీద మామూలు పరుపు వేసి, దానిపైన పరవండి. మనిషిని పడుకోబెట్టాక నడుం కిందుగా బెడ్ అడుగున అరచేయి పెట్టండి. ఎముక చేతికి తగులుతుంటే గాలి చాలదు, మోటారు నాబ్ పెంచాలి. ఎముకకీ చేతికీ మధ్య అంగుళం మందం గాలి ఉండాలి. పైన ఒక్క పల్చటి నూలు దుప్పటి చాలు. బొంత, రబ్బరు షీటు వేస్తే చెమటపట్టి తోలు నానిపోతుంది.

బెడ్ ఉంది కదా అని రెండు గంటలకోసారి పక్క తిప్పడం ఆపకండి. తలవైపు 30 డిగ్రీలకు మించి లేపితే మనిషి కిందికి జారి నడుం దగ్గర తోలు సాగి చిరుగుతుంది. మడమలకు ఈ బెడ్ చాలదు, పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉంచాలి.

పెద్ద లోటు కరెంటు. 2018 తిత్లీ తుపానప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. మోటారు ఆగితే గాలి దిగిపోతుంది. ఇన్వర్టరు లేని ఇంట్లో అడుగున మంచి ఫోమ్ పరుపు తప్పనిసరి.

వారానికోసారి పుండు పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో కొలిచి తేదీతో రాయండి. రెండు వారాలైనా తగ్గుముఖం పట్టకపోతే ఆ కాగితం తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి.