గిరి గారి తేదీలు కోసేసిన బైండింగ్ షాపు

విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక సందులో ఉన్న బైండింగ్ షాపు గురించి రాస్తున్నాను. పేరు రాయను. ఆ పెద్దాయన చేతిలో పనితనం ఉంది, పైగా తప్పులో సగం నాది.

మా నాన్న రైల్వేలో గార్డు. మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి అంటే ప్రాణం. మా లైను బెంగాల్ నాగపూర్ రైల్వేగా ఉన్న కాలంలో గిరి గారు ఇక్కడి కార్మికుల నాయకుడు. ఆ అభిమానం మా తాత దగ్గర్నుంచి వచ్చింది. గిరి గారి మీద పేపర్లో ఏం వచ్చినా నాన్న కత్తిరించి, తెల్ల కాగితానికి అంటించి, పైన ఇంకుతో తేదీ వేసేవారు. రేకు పెట్టెలో నూట నలభై కాగితాలు దొరికితే, పుస్తకంగా కుట్టమని ఆ షాపులో ఇచ్చాను.

ముందు మంచి మాట. చేతికుట్టు, క్యాలికో వెన్ను, నీలం రెక్సిన్ అట్ట. మైదా జిగురులో మైలుతుత్తం వేసి నా కళ్ల ముందే ఉడికించాడు, పురుగు పట్టదు. పుస్తకం బల్ల మీద పెడితే పూర్తిగా తెరుచుకుంటుంది. 350 రూపాయలకు ఇది చవకే. వారం అని పదహారు రోజులు తిప్పాడు, అది వేరే సంగతి.

ఇంటికొచ్చి చూస్తే తేదీలు లేవు! అంచులు సమం చేయడానికి కటింగ్ మిషన్‌లో పెట్టాడు. నాన్న దస్తూరీ మొత్తం చెత్తబుట్టలోకి పోయింది. వెళ్లి అడిగితే, "అంచు కొయ్యకపోతే పుస్తకంలా ఉండదు కదేటమ్మా" అన్నాడు. చెప్పకపోవడం నా తప్పే. కట్టకు దారం కట్టకుండా ఇచ్చింది కూడా నేనే. ఫ్యాను గాలికి ఎగిరితే దొరికిన వరసలో కుట్టేశాడు.

ఏ కాగితం ఎప్పటిదో తేల్చుకోవడానికి రెండు సాయంత్రాలు పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. డబ్లిన్‌లో లా చదివి 1916లో తిరిగొచ్చి, సహాయ నిరాకరణ ఉద్యమంలో ప్రాక్టీసు వదిలేసిన వకీలు కథ మధ్యలో ఎక్కడో ఉంది. 1937లో బొబ్బిలి రాజానే బొబ్బిలిలో ఓడించి మద్రాసులో కార్మిక మంత్రి అయిన సంగతి చివర్లో. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లి కేంద్ర కార్మిక మంత్రి కావడం, బ్యాంకు ఉద్యోగుల కేసులో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో రాజీనామా చేయడం మాత్రం అదృష్టవశాత్తూ పక్కపక్కనే వచ్చాయి.

1969 రాష్ట్రపతి ఎన్నిక కాగితం తిప్పగానే 1957 పార్వతీపురం ఓటమి! అక్కడ 4,20,077 ఓట్ల విలువతో, రెండో ప్రాధాన్యం ఓట్లు కూడా లెక్కించాక, నీలం సంజీవరెడ్డి మీద గెలుపు. ఇక్కడేమో ఇద్దరు సభ్యుల నియోజకవర్గంలో రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకే పోయాయి. రిజర్వుడు సీటు పోగా మిగిలింది తనకు రావాలని, ఆ ఇద్దరిలో ఒకరైన డిప్పల సూరిదొర ఎన్నిక చెల్లదని గిరి కోర్టుకెక్కారు. జనరల్ సీటుకూ గిరిజనుడు అర్హుడేనని 1959లో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికి ఈయన ఉత్తరప్రదేశ్ గవర్నరు. మళ్లీ అదే కోర్టులో 1970లో, తన ఎన్నిక మీద పడ్డ కేసులో, రాష్ట్రపతి హోదాలో సాక్ష్యం చెప్పారు. నల్లకోటు వదిలినా కోర్టు మెట్లు వదల్లేదు. వరసగా కుట్టి ఉంటే ఈ రెండు కేసులూ పక్కపక్కన పెట్టి చూసేదాన్ని కాదు.

మళ్లీ విప్పి కుడతానన్నాడు పెద్దాయన, వద్దన్నాను. పార్వతీపురం కాగితం చూసి, "మాదీ ఆ పక్కేనమ్మా. మా అయ్య దొరకే వేశాడు ఓటు" అన్నాడు నవ్వుతూ. నాన్న ఉంటే ఆ షాపులోనే గొడవ పెట్టుకునేవారు.

పెట్టెలో రైల్వే యూనియన్ కరపత్రాలు ఇంకో కట్ట ఉంది. అదీ ఆయనకే ఇచ్చాను. దారంతో బిగించి, పేజీలకు నంబర్లు వేసి, పైన ఎర్ర ఇంకుతో రాశాను: పై అంచు కొయ్యవద్దు.