స్కూల్ ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు: ప్రింట్లకి వెళ్లండి, రెడీమేడ్ ప్రాజెక్టులు కొనకండి

నేను హైదరాబాద్‌లో పదో తరగతి చదువుతున్నాను. మా స్కూల్ గేటు ఎదురుగా ఉన్న ఈ షాపుకి ఆరో తరగతి నుంచి వెళ్తున్నాను.

పని బాగుంటుంది. బ్లాక్ అండ్ వైట్ పేజీకి 2 రూపాయలు, కలర్ 10, స్పైరల్ బైండింగ్ 40. అసైన్‌మెంట్ పేపర్లు పదే కావాలన్నా విసుక్కోకుండా లెక్కపెట్టి ఇస్తారు, డబ్బులు తక్కువైతే రేపు ఇవ్వమంటారు. స్టడీ అవర్ అయ్యాక ట్యూషన్‌కి వెళ్లేలోపు మాకు దొరికేది ఒక్క పావుగంట, అది ఇక్కడి లైన్లోనే గడుస్తుంది. తనకి ఎంపీసీ ఇష్టం లేదని, ఇంట్లో ఎలా చెప్పాలో తెలియట్లేదని నా ఫ్రెండ్ మొదటిసారి నాతో చెప్పింది ఈ లైన్లో నిలబడే. క్లాసులో పక్కపక్కనే కూర్చుంటాం, అయినా అక్కడ అలాంటి మాటలు రావు.

ఇప్పుడు అసలు సమస్య. ఇక్కడ ప్రాజెక్ట్ వర్కులు రెడీగా అమ్ముతారు. సబ్జెక్ట్, టాపిక్ చెప్తే చాలు, కవర్ పేజీ మీద మన పేరు వేసి, బైండింగ్‌తో కలిపి 80 రూపాయలకి ఇచ్చేస్తారు. మాకు ఒక్కో ఎఫ్‌ఏకి (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే స్కూల్లోనే పెట్టే పరీక్ష) 20 మార్కులుంటే అందులో ప్రాజెక్ట్‌కి 5. నాలుగు ఎఫ్‌ఏల సగటు తీసి పబ్లిక్ పరీక్ష 80 మార్కులకి కలుపుతారు. మిగతా అన్ని సబ్జెక్టుల రాతపని కూడా అదే వారంలో పడుతుంది కాబట్టి రాత్రి పదకొండింటికి ఓపిక ఉండదు, పొద్దున్నే టెన్షన్. సోషల్ ప్రాజెక్ట్ 'మీ ఊరి నది' అన్నప్పుడు నేనూ మూసీ వరదల మీద ఉన్నది కొనేశాను.

అందులో వరద వచ్చింది 1980లో అని ఉంది. నిజానికి 1908, సెప్టెంబర్ 28. మా క్లాసులో తొమ్మిది మంది అదే తప్పుతో ఇచ్చాం. మేడమ్ తిట్టలేదు. తొమ్మిదీ టేబుల్ మీద వరసగా పెట్టి, "ఎవరైనా ఒక్కరు చదివారా?" అని మాత్రం అడిగారు. చాలా సిగ్గేసింది. మళ్లీ రాసిస్తానని చెప్పి వారం గడువు అడిగాను.

ఆదివారం నాన్నతో ఉస్మానియా ఆస్పత్రికి వెళ్లి అక్కడి చింతచెట్టు చూశాను. వరదలో ఆ చెట్టెక్కి దాదాపు 150 మంది బతికారని చెప్తారు. ఇప్పుడున్న ఆస్పత్రి భవనం అప్పటికి లేదు, తర్వాత కట్టారు. కొమ్మల కింద నిలబడి పైకి చూస్తుంటే, నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చి ఉంటే మనుషులు అక్కడిదాకా ఎక్కి ఉంటారో అని భయమేసింది. ఆ వరద తర్వాతే నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యని పిలిపించిందని, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయని అప్పుడు కూర్చుని చదివాను. వారాంతాల్లో మేం సరదాగా వెళ్లే గండిపేట చెరువే ఉస్మాన్‌సాగర్ అని, అది వరద ఆపడానికి కట్టిందని పదేళ్లుగా నాకు తెలియదు! ఎనిమిది పేజీలు చేత్తో రాశాను. చెట్టు ఫోటో ఈ షాపులోనే కలర్ ప్రింట్ తీయించాను, చాలా బాగా వచ్చింది. 5కి 4 వచ్చాయి.

ఇంకో విషయం, ముఖ్యంగా అమ్మాయిలు గుర్తుపెట్టుకోండి. ప్రింట్ కోసం వాట్సాప్‌లో పంపిన ఫైళ్లన్నీ షాపు కంప్యూటర్‌లోనే ఉండిపోతున్నాయి. మొన్న నా ముందున్న వాళ్ల ఫైల్ వెతుకుతుంటే మా సీనియర్ పాస్‌పోర్ట్ ఫోటో, ఎవరిదో ఆధార్ కార్డు స్క్రీన్ మీద కనిపించాయి. పని అయిపోగానే డిలీట్ చేయమని అడగండి, చేసేదాకా అక్కడే నిలబడండి. అడిగితే చేస్తారు, కాదనరు.

ప్రింట్లకి, బైండింగ్‌కి ఐదుకి నాలుగు స్టార్లు. ప్రాజెక్టులకి ఒక్కటి కూడా ఇవ్వను. ఎఫ్‌ఏ ముందు రోజు సాయంత్రం వెళ్తే గంట పడుతుంది, రెండు రోజుల ముందే వెళ్లండి. ప్రాజెక్ట్‌లో సంవత్సరం తప్పుందని షాపు అన్నకి చూపిస్తే అప్పటికప్పుడే 1908 అని మార్చాడు. ఆ ఫైల్ అసలు అమ్మొద్దని కూడా అడిగాను, "చూద్దాంలే" అన్నాడు. మళ్లీ వెళ్లినప్పుడు మళ్లీ అడుగుతాను.