చివరి రోజుల హోమ్ నర్సింగ్: చాలాకాలం వాడాక మా అంచనా

హోమ్ నర్సింగ్‌కి మార్కులు వేయాలంటే నర్సు ఇంట్లో ఉన్న గంట కన్నా, ఆమె వెళ్ళిపోయాక గడిచే రాత్రిని చూడాలి. అర్ధరాత్రి దాటాక నొప్పి ముదిరితే ఏ మందు, ఎంత, మళ్ళీ ఎప్పుడు అన్నది మంచం పక్కన రాసి ఉందా? ఉంటే సేవ బాగున్నట్టే. లేకపోతే బీపీ, పల్సు ఎంత శ్రద్ధగా చూసి వెళ్ళినా సగం పనే.

మాకు వచ్చినవాళ్ళు బాగా చేసింది నొప్పి మందు పని. మామూలు మార్ఫిన్ మాత్ర సుమారు 4 గంటలు పనిచేస్తుంది. అందుకే నొప్పి వచ్చేదాకా ఆగకుండా గడియారం చూసి వేస్తారు. మధ్యలో నొప్పి తన్నుకొస్తే ఇచ్చే అదనపు మోతాదు సాధారణంగా రోజు మొత్తంలో పదో వంతు నుంచి ఆరో వంతు. రోజుకి 60 మి.గ్రా. నడుస్తుంటే 6 నుంచి 10 మి.గ్రా. అన్నమాట. ఆ అంకె డాక్టరే ఖాయం చేయాలి, ఇంట్లోవాళ్ళు లెక్కలు కట్టకూడదు. వాళ్ళ పనల్లా ఇచ్చిన ప్రతిసారీ టైము రాయడం. ఆ కాగితం చూసే అసలు మోతాదు పెంచాలో లేదో తేలుస్తారు.

మార్ఫిన్ మొదలైన రోజే విరేచనం మందూ మొదలవ్వాలి. వికారం, మగత చాలామందికి కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి, మలబద్ధకం మాత్రం సర్దుకోదు. ఇసబ్‌గోల్ లాంటి పొట్టు ఇక్కడ పనికిరాదు. నీళ్ళు సరిగా తాగలేని మనిషికి అది పేగులో ఇంకా గట్టిపడుతుంది.

ఇక ఎయిర్ బెడ్, అంటే పడక పుండ్లు రాకుండా వేసే, పంపుతో గాలి నింపే పరుపు. అది వచ్చింది కదా అని పక్క మార్చడం మానేస్తే పడక పుండ్లు తప్పవు. గాలి సరిపోయిందా అన్నది పంపు మీది లైటు చెప్పదు. అరచెయ్యి పైకి తిప్పి, రోగి నడుం కింద భాగానికి సరిగ్గా దిగువన పరుపు కిందకి దూర్చి చూడాలి. ఎముక చేతికి తగులుతున్నట్టుంటే గాలి చాలనట్టే. పరుపు మీద ఒక్క పల్చటి దుప్పటి చాలు. రబ్బరు షీటు, బొంత, మడత పెట్టిన పాత చీరలు వేస్తే ఆ పరుపు కొన్నందుకు ఫలితం ఉండదు. తిప్పేటప్పుడు పూర్తిగా పక్కకి పడుకోబెడితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాలిస్తే చాలు. పిక్కల కింద దిండుతో మడమలు గాల్లో ఉండాలి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడకపోతే పుండుకి అది మొదటి మెట్టు, అక్కడ మర్దన చేయకూడదు. కదిలిస్తే మూలిగే మనిషికి అరగంట ముందు అదనపు మోతాదు ఇచ్చి తిప్పే నర్సు దొరికితే వదులుకోకండి.

తిండి విషయంలో ఇంట్లోవాళ్ళకే ఎక్కువ నచ్చజెప్పాలి. మింగలేనివాళ్ళకి బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సెలైన్ ఎక్కిస్తే వాపు, గొంతులో గురగుర పెరగొచ్చు. నోరు తడపడం, పెదాలకి తేమ అందించడం చాలు. గురగుర మొదలైతే పక్కకి తిప్పాలి. గొంతు లోపలికి కఫం లాగే సక్షన్ గొట్టం పెట్టడం వల్ల మేలు కన్నా బాధే ఎక్కువ. ఉన్నట్టుండి పెనుగులాట మొదలైతే మత్తు మందు అడిగేముందు పొత్తికడుపు తడిమి చూడమనండి. మూత్రం నిలిచిపోయినా, క్యాథెటర్ (మూత్రం గొట్టం) మెలిపడినా అలాగే ఉంటుంది.

రాత్రి అటెండెంట్లకి అంత మంచి మార్కులు వేయలేం. మనిషి మారినప్పుడల్లా చార్టు చదవకుండానే పనిలోకి దిగేవాళ్ళు.

మరో మార్కు తగ్గించింది నొప్పి ప్యాచ్ దగ్గర, అంటే చర్మం మీద అతికించే నొప్పి మందు పట్టీ. ఫెంటనిల్ ప్యాచ్ 72 గంటలకి మార్చాలనీ, దాని మీద కాపడం పెడితే మందు ఎక్కువగా ఒంట్లోకి పోతుందనీ చెప్పారు. తీసేసిన ప్యాచ్‌లో కూడా పిల్లల ప్రాణం తీసేంత మందు మిగిలుంటుందని ఎవరూ చెప్పలేదు. జిగురు వైపు లోపలికి మడిచి, చేతికందని డబ్బాలో వేసి, మిగిలిన మార్ఫిన్ మాత్రలతో పాటు లెక్కపెట్టి నర్సుకో మందులిచ్చిన చోటికో అప్పజెప్పాలి. ఈ ఏర్పాటు ఎవరిదన్నది సేవ కుదుర్చుకునే రోజే అడగండి.