రక్తం తీసే వాక్యూమ్ ట్యూబులు: ఏ మూతకు ఎన్ని మార్కులు?

సిరంజితో లాగి సీసాల్లో పోసే పద్ధతి కంటే వాక్యూమ్ ట్యూబు ఎంతో నయం. జోసెఫ్ క్లైనర్‌కు 1949లో పేటెంట్ వచ్చిన ఈ ఏర్పాటులో అసలు పనితనం ట్యూబులో ముందే కొలిచి ఉంచిన శూన్యానిది. ఎంత శూన్యముంటే అంత రక్తమే లోపలికి వస్తుంది. కాబట్టి దీన్ని కొలత పాత్రగానే చూడాలి. ఎత్తైన కొండ ప్రాంతాల్లో గాలి ఒత్తిడి తక్కువ గనక ఇదే ట్యూబు కాస్త తక్కువ లాగుతుంది.

ఈ కొలత మీద పూర్తిగా ఆధారపడేది నీలం మూత. ఇందులో కాల్షియాన్ని పట్టేసి రక్తం గడ్డకట్టకుండా ఆపే 3.2 శాతం సోడియం సిట్రేట్ ఉంటుంది; దాని ఒక భాగానికి 9 భాగాల రక్తం చేరాలి. గీత దాకా నిండకపోతే మిగులు సిట్రేట్, పరీక్షలో కలిపే కాల్షియాన్ని కూడా పట్టేసుకుంటుంది. అప్పుడు రక్తం గడ్డకట్టే సమయాన్ని కొలిచే పీటీ, ఏపీటీటీ పరీక్షలు లేనిపోని ఆలస్యం చూపిస్తాయి. సన్నని గొట్టం తగిలించిన బటర్‌ఫ్లై సూది వాడితే దాని గొట్టంలోని గాలి మొదటి ట్యూబులోకే పోతుంది. అందుకే ముందు ఒక ట్యూబు పెట్టి, దాన్ని పారేసి, తర్వాతే నీలం మూత తగిలించాలి. కొనేటప్పుడు లోపల పాలీప్రొపిలీన్, బయట పీఈటీ ఉన్న రెండు గోడల రకం చూడండి. లోపలి గోడ నీటిని, బయటి గోడ శూన్యాన్ని కాపాడతాయి.

రక్తకణాల లెక్కకు వాడే ఊదా మూతలో గోడకు ఎండబెట్టిన కే2 ఈడీటీఏ (గడ్డకట్టకుండా ఆపే పొటాషియం లవణం) ఉన్నదే మేలు. ద్రవరూపంలోని కే3 రక్తాన్ని కొద్దిగా పలుచన చేస్తుంది. నింపగానే 8 నుంచి 10 సార్లు మెల్లగా తలకిందులు చేయాలి, కుదపకూడదు. ఇక్కడ బద్ధకిస్తే కంటికి కనిపించని గడ్డలు కట్టి ప్లేట్‌లెట్ల సంఖ్య పడిపోతుంది. కొందరి ప్లేట్‌లెట్లు ఈడీటీఏ వల్లనే గుంపు కడతాయి. అది ట్యూబు లోపం కాదు. స్మియర్‌లో, అంటే గాజు పలక మీద పరిచిన రక్తపు పూతలో, గుంపులు కనిపిస్తే సిట్రేట్‌లో మళ్లీ తీసి, వచ్చిన సంఖ్యను 1.1తో గుణించాలి.

గడ్డ నుంచి సీరంను (పైన తేలే ద్రవాన్ని) వేరుచేసే జెల్ ఉన్న పసుపు మూత సౌకర్యానికి నూటికి నూరు. అయితే దానికి ఓపిక కావాలి: 30 నిమిషాలు నిలువుగా ఉంచి గడ్డకట్టనిచ్చి, ఆ తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో 1300 నుంచి 2000 జీ (గురుత్వానికి అన్ని రెట్ల బలం) వద్ద 10 నిమిషాలు తిప్పాలి. తొందరపడితే సీరంలో ఫైబ్రిన్ పోగులు మిగిలి యంత్రం నమూనాను పీల్చే ప్రోబ్‌కు అడ్డం పడతాయి. గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ మందు తీసుకుంటున్న రోగి రక్తానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. ఒకసారి తిప్పిన జెల్ ట్యూబును మళ్లీ తిప్పితే, జెల్ కింద చేరిన పొటాషియం పైకొచ్చి ఫలితం పెరుగుతుంది. ఫెనిటాయిన్ (మూర్ఛ మందు) వంటి మందుల స్థాయి కొలవడానికి జెల్ లేని ఎర్ర మూతే వాడాలి, ఎందుకంటే జెల్ ఆ మందును పీల్చుకోగలదు.

అర్హతకు మించి పేరు తెచ్చుకున్నది గ్లూకోజ్ పరీక్షకు వాడే, ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత. ఫ్లోరైడ్ ఆపేది ఎనోలేజ్ అనే ఎంజైమ్‌ను. అది గ్లూకోజ్ విచ్ఛిన్నంలో చివరి మెట్లలో ఉంటుంది గనక పై మెట్లలో గ్లూకోజ్ ఖర్చు గంటకు పైగా సాగుతూనే ఉంటుంది. రక్తకణాలు మామూలుగా గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజ్ తినేస్తాయి. ప్లాస్మా వేరుచేయడం ఆలస్యమయ్యే చోట సిట్రేట్ బఫర్ కలిపిన ట్యూబు తీసుకోవాలి. అది పీహెచ్ తగ్గించి మొదటి మెట్టులోనే ఆపుతుంది. లేదంటే ట్యూబును ఐస్‌లో పెట్టాలి.

తీసే వరుస: నీలం, పసుపు, ఊదా, చివరగా బూడిదరంగు. ఊదా ట్యూబు నుంచి చుక్క రక్తం పసుపులోకి చేరినా పొటాషియం పెరుగుతుంది, కాల్షియం, ఏఎల్‌పీ (ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైమ్) తగ్గుతాయి. ఈ మూడూ ఒకేసారి కనిపిస్తే రోగిని అనుమానించే ముందు నమూనాను అనుమానించాలి. తక్కువ నిండిన ట్యూబును వేరే ట్యూబులోని రక్తంతో నింపడం ఎప్పుడూ పనికిరాదు.

కొత్త లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) రాగానే నాలుగైదు ట్యూబులు తూచి, సూదితో నీళ్లు లాగనిచ్చి మళ్లీ తూచండి. పెరిగిన గ్రాములే మిల్లీలీటర్లు. లేబుల్ మీది పరిమాణానికి 10 శాతం అటూ ఇటూ దాటితే ఆ పెట్టెను వెనక్కి పంపేయవచ్చు.