వెబ్‌సైటా, వీధిలో మనిషా?

కోవిడ్ కబురు అమెరికాలోని స్పానిష్ మాట్లాడే కుటుంబాలకు రెండు దారుల్లో వెళ్లింది.

ఒకటి వెబ్‌సైట్. ఖర్చు తక్కువ, రాత్రికి రాత్రే రాష్ట్రమంతా చేరుతుంది. కానీ 2021 జనవరిలో వర్జీనియా ఆరోగ్యశాఖ సైట్‌లో ఏమైందో చూడండి. ‘టీకా తప్పనిసరి కాదు’ అన్న ఇంగ్లీషు మాట, గూగుల్ అనువాదంలో ‘టీకా అవసరం లేదు’ అయిపోయింది. అసలే అనుమానంతో ఉన్న మనిషి అది చదివి ఫోన్ పక్కన పడేస్తే తప్పెవరిది?

రెండోది మనుషులు. 2020 ఏప్రిల్ చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కో మిషన్ ప్రాంతంలో లాటినోల (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ల) స్థానిక సంఘాల కూటమి ‘లాటినో టాస్క్‌ఫోర్స్’, ఆ ఊళ్లోని కాలిఫోర్నియా వైద్య విశ్వవిద్యాలయం (యూసీఎస్‌ఎఫ్) డాక్టర్లు కలిసి నాలుగు రోజుల్లో 4,000 మందికి పైగా పరీక్షలు చేశారు. పాజిటివ్ వచ్చినవారిలో 95 శాతం లాటినోలే. 90 శాతం మందికి ఇంటి నుంచి పనిచేసే వీలే లేదు. వంటవాళ్లు, క్లీనర్లు, కూలీలు ఇంట్లో కూర్చుంటే పూట గడిచేదెలా? అందుకే ఫలితం చెప్పి వదిలేయకుండా ఆ ఇళ్లకు సరుకులు పంపారు. మరుసటి ఏడాది టీకాలు కూడా అదే పేటలో, 24వ వీధిలో వేశారు.

ఇది నిదానమైన పని, నిజమే. అయినా నా ఓటు దీనికే. గడప గడపకూ తిరిగే ఆరోగ్య కార్యకర్తలను స్పానిష్‌లో ప్రొమొతోరాలంటారు, మన ఆశా అక్కల్లాంటివాళ్లు. ముందు వాళ్ల జీతాలకు డబ్బివ్వాలి. సైట్‌లోని స్పానిష్‌ను సరిచూసే పని కూడా వాళ్లకే అప్పగించాలి.