విమానాల పిచ్చోళ్లకి బర్గర్ షాపు: లాస్ ఏంజిలెస్ ఎయిర్‌పోర్ట్ పక్కన ఇన్-ఎన్-అవుట్

సెపుల్వేడా రోడ్డు మీద ఉంటుంది ఇది, ఎయిర్‌పోర్ట్ ఉత్తరం వైపు 24ఆర్ అనే రన్‌వేకి ఆనుకునే అనుకోండి, బయట టేబుల్ దగ్గర కూర్చుంటే దిగే ఫ్లైట్లు దాదాపు నెత్తి మీద నుంచే పోతాయి. ఏ380 (రెండంతస్తుల పేద్ద విమానం) వచ్చినప్పుడైతే పక్కనోడి మాట వినపడదు, చిన్నపిల్లలు నోరెళ్ళబెట్టి చూస్తారు, మనమూ అంతే లెండి.

నేను తెలివిగా దూరంవి బాగా దగ్గరగా చూపించే 100-400 జూమ్ లెన్స్ మోసుకెళ్ళా, తీరా పెద్ద ఫ్లైట్ వస్తే ఒక ఇంజను, సగం రెక్క పడ్డాయి ఫొటోలో 😂 ఇక్కడికి అంత జూమ్ లేని 24-105 లెన్స్ లాంటిది చాలు, ఫోన్‌తో కూడా బానే వస్తాయి.

ఒక్కటే తంటా, వెలుతురు. మనం విమానానికి ఉత్తరం వైపు నిలబడతాం కదా, ఎండ ఎదురుగా ఉండి చలికాలంలో బొమ్మంతా నల్లగా వస్తుంది, ఎండాకాలం సాయంత్రాలే బెస్ట్. పొద్దున్నే మంచి లైట్ కావాలంటే ఎయిర్‌పోర్ట్‌కి దక్షిణం వైపు ఎల్ సెగుండో ఊళ్ళో ఇంపీరియల్ హిల్ అనే గుట్ట మీదికి పోండి. అర్ధరాత్రి దాటాక మాత్రం రావద్దు, శబ్దం గొడవ వల్ల అప్పుడు మామూలుగా సముద్రం వైపు నుంచి దింపుతారు, దిగేవి మన నెత్తి మీదుగా రావు.

తిండి సంగతికొస్తే, బర్గర్లలో బీఫే, తినని వాళ్ళు గ్రిల్డ్ చీజ్ అడగండి, ఉల్లిపాయ బాగా వేయించి వేయమంటే ఇంకా బావుంటుంది. ఫ్రైస్ వేడి మీదే తినేయాలి, ఫొటోలు తీస్తూ కూర్చుంటే చల్లారి అట్టముక్కల్లా అయిపోతాయి. నావి రెండుసార్లూ అంతే.